సంత రోజు జ్వరాలు

పోయిన ఏడాది వానాకాలంలో ఒక మధ్యాహ్నం మా పీహెచ్‌డీ విద్యార్థి లాప్‌టాప్ పట్టుకుని పరుగులాంటి నడకతో నా గదిలోకి వచ్చాడు. "మేడమ్, ఏడు రోజుల లయ దొరికింది!" అన్నాడు. ఏజెన్సీలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి తెచ్చుకున్న ఆరేళ్ళ మలేరియా లెక్కలవి. రోజువారీ కేసుల గీత రంపపు పళ్ళలా ఉంది. వారానికోసారి లేస్తోంది, పడుతోంది, మళ్ళీ లేస్తోంది.

మలేరియాకి ఏడు రోజుల లయ ఎక్కడిది? వైవాక్స్ అనే రకం మలేరియా జ్వరం రోజు విడిచి రోజు వస్తుంది. దోమ కడుపులో పరాన్నజీవి ముదరడానికి పది పన్నెండు రోజులు కావాలి. ఏ లెక్కా ఏడుకి అతకదు. ఆదివారం సెలవు కదా, సోమవారం జనం ఎగబడతారేమో అనుకున్నాం. కానీ గీత లేచేది గురువారం. మూడు రోజులు కూర్చున్నాం. కుర్రవాడు అప్పటికే దోమల పుట్టుకకీ వారానికీ లంకె పెట్టే ఒక సమీకరణం రాసేశాడు. నిజం చెప్పాలంటే అది చూడముచ్చటగా ఉంది.

ఆ శనివారం సాయంత్రం విశాఖ మద్దిలపాలెంలో ఉన్న మా మేనమామ ఇంటికి వెళ్ళాను. ఆయన ఏజెన్సీలో ముప్ఫై ఏళ్ళకు పైగా ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి 2012లో రిటైరయ్యాడు. ఫోన్‌లో గ్రాఫు చూపించి, ఊరి పేరు చెప్పాను. పకోడీ నములుతూనే, "గురువారం అక్కడ సంత కదేటి, అమ్మలూ" అన్నాడు.

అంతే. కొండ మీది ఊరి నుంచి రెండు మూడు గంటలు నడిచి దిగాల్సిన మనిషి జ్వరం వచ్చిన రోజున ఆస్పత్రికి రాడు. సంత రోజున ఎలాగూ దిగుతాడు. చింతపండో పసుపో అమ్ముకుని, ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుని, దారిలో రక్తపరీక్షకి వేలు గుచ్చించుకుని పోతాడు. మేం మూడు రోజులు కొలిచింది జ్వరాన్ని అనుకున్నాం. కొలిచింది సంతని.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ పకోడీల సాయంత్రమే. కంప్యుటేషనల్ బయాలజీలో, అందులోనూ రోగాలు ఎలా పాకుతాయో లెక్కగట్టే పనిలో, నాకు దాదాపు ఇరవై ఏళ్ళు గడిచాయి. ఈ ఇరవై ఏళ్ళలో నాకు జీతం ఇచ్చిందీ, ప్రమోషన్ ఇచ్చిందీ, శాలువా కప్పిందీ సమీకరణాలకి, సాఫ్ట్‌వేర్‌కి, పేపర్లకి. గురువారం సంత అని తెలిసినందుకు ఎవరూ ఒక్క మార్కు ఇవ్వలేదు. మా చదువులో అన్నిటికన్నా పెద్ద లోపం అదేనని ఇప్పుడు నాకనిపిస్తోంది. గణితం చాలక మా మోడళ్ళు తప్పిపోవడం నేను చాలా తక్కువ చూశాను. అంకె ఎక్కడ పుట్టిందో తెలియక తప్పిపోవడం మాత్రం చాలాసార్లు చూశాను. అందులో సగం నావే.

నేను ఇందులోకి బయాలజీ మీద ప్రేమతో రాలేదు. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మ్యాథ్స్. మా బ్యాచ్‌లో చాలామంది సాఫ్ట్‌వేర్‌కి పోయారు, కొంతమంది ఇంటర్ కాలేజీల్లో ఎంసెట్ పిల్లలకి చెప్పుకోవడానికి పోయారు. గణితం చదివి ఈ ఊరు దాటి వెళ్ళడం కొత్తేమీ కాదు. ఇక్కడే గణితం చదువుకున్న సి.ఆర్.రావు గారు కలకత్తా వెళ్ళి స్టాటిస్టిక్స్‌లో ప్రపంచానికే పాఠం చెప్పారు. నేను మిగిలిపోవడానికి కారణం ఒక చిన్న లెక్క. దాని గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఏమీ అనుకోకండి. నేను దానికి పడ్డంత అప్పు ఇంకెవరికీ పడలేదు.

సికిందరాబాద్‌లో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడని మనందరం చిన్నప్పుడు చదువుకున్నదే. 1902లో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత ఆయన చేసిన పని గురించి మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. దోమల్ని పూర్తిగా నిర్మూలించడం అసాధ్యం కాబట్టి మలేరియా ఎప్పటికీ పోదని అందరూ అంటుంటే, ఆయన కూర్చుని గణితం వేశాడు. దోమలు ఒక హద్దు కంటే తగ్గితే చాలు, జ్వరం తనంతట తనే ఆరిపోతుందని చూపించాడు. 1950ల్లో జార్జ్ మెక్‌డొనాల్డ్ ఆ లెక్కని ఇంకొంచెం సాగదీశాడు. నన్ను పట్టుకున్నది అక్కడే.

వంద దోమలు జ్వరం ఉన్న మనిషిని కుట్టాయనుకోండి. పరాన్నజీవి ముదరడానికి పది రోజులు పడుతుందనుకుందాం. రోజుకి నూటికి పది దోమలు చస్తుంటే, పదో రోజుకి 35 మిగులుతాయి. ఆ మిగిలినవి సగటున ఇంకో తొమ్మిదిన్నర రోజులు బతికి జనాన్ని కుడతాయి. ఇప్పుడు గోడలకి మందు కొట్టి, రోజుకి నూటికి ఇరవై చచ్చేలా చేశామనుకోండి. పదో రోజుకి మిగిలేవి 11. అవి బతికేదీ నాలుగున్నర రోజులే. రెండూ గుణించి చూస్తే జ్వరాన్ని మోసే సత్తా దాదాపు ఏడో వంతుకి పడిపోయింది. అదే దోమల సంఖ్యని సగం చేస్తే? సత్తా సగమే అవుతుంది. అంటే మురికి కాలవలో దోమపిల్లల్ని చంపడం కన్నా గోడ మీద వాలిన ముసలి దోమని చంపడం ఎన్నో రెట్లు లాభం. మలేరియాని మోసేది దోమల మంద కాదు, వాటిలో కొన్ని ముసలి ఆడదోమలు.

ఇది చదివిన రోజు నేను ఏయూ అవుట్‌గేటు నుంచి బీచ్‌రోడ్డు దాకా ఎలా నడిచానో గుర్తు లేదు. మా మావయ్య ఏటా ఎండాకాలంలో స్ప్రేయింగ్ డ్యూటీ అని ఇంటికి రాకపోవడం, అత్తయ్య విసుక్కోవడం, ఇదంతా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ డ్యూటీ వెనక ఇంత అందమైన లెక్క ఉందని ఆయనకీ తెలియదు, మాకూ తెలియదు. అప్పుడే ఈ దారి పట్టాను. పీహెచ్‌డీ మలేరియా మోడళ్ళ మీద చేశాను. తర్వాత మూడేళ్ళు విదేశంలో పోస్ట్‌డాక్. అక్కడ ఆఫ్రికా మలేరియా మీద పనిచేశాను. ఆఫ్రికా వెళ్ళకుండానే చేశాను. అప్పట్లో అందులో వింతేమీ కనిపించలేదు.

ఈ రంగంలో ప్రతివాడూ మొదటి వారంలో నేర్చుకునే మోడల్ ఒకటుంది. జనాన్ని మూడు గదుల్లో పెట్టడం: ఇంకా రోగం రానివాళ్ళు, ఇప్పుడు ఉన్నవాళ్ళు, వచ్చి పోయినవాళ్ళు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ రాసిన పేపర్ దానికి పునాది. కెర్మాక్‌కి 1924లోనే ప్రయోగశాల ప్రమాదంలో చూపు పోయింది. మెకెండ్రిక్ ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసి వెళ్ళిన డాక్టరు. వాళ్ళు తమ సమీకరణాన్ని పరీక్షించింది మన బొంబాయి అంకెల మీద. 1905 డిసెంబరు నుంచి 1906 జులై వరకు వారం వారం ప్లేగుతో చనిపోయినవాళ్ళ సంఖ్య. గీత చుక్కల మీద ముత్యాల్లో దారంలా కూర్చుంటుంది. నేను కూడా ఆ బొమ్మని పదేళ్ళు క్లాసులో చూపించాను. "చూడండి, ఎంత బాగా సరిపోయిందో" అన్నాను.

ప్లేగు ఎలుకల మీది రక్తం పీల్చే పురుగుల వల్ల వస్తుంది. ఆ మోడల్లో ఎలుక లేదు, పురుగు లేదు. మనిషి నుంచి మనిషికి అంటుకున్నట్టు రాసిన సమీకరణం అది. తమ ఊహలు మోటువని ఆ పెద్దమనుషులే పేపర్లో ఒప్పుకున్నారు. ఒప్పుకోలు ఎవరూ చదవలేదు, బొమ్మ మాత్రం అందరం చూశాం. గీత సరిపోయినంత మాత్రాన కథ నిజమైపోదు. ఏడు రోజుల దోమల సమీకరణం కూడా మా డేటాకి బ్రహ్మాండంగా సరిపోయింది మరి.

విదేశం నుంచి తిరిగొచ్చాక ఉద్యోగాల వేట. ఒక విశ్వవిద్యాలయంలో ఇంటర్వ్యూ. పేరెందుకు లెండి. గణితం పోస్టుకి వెళ్ళాను. కమిటీలో పెద్దాయన నా పేపర్లు తిరగేసి, "ఇందులో మ్యాథ్స్ ఏదమ్మా? అన్నీ దోమలే" అన్నారు. మరుసటి ఏడు ఇంకోచోట లైఫ్ సైన్సెస్ పోస్టుకి వెళ్తే, "మీరు ల్యాబ్‌లో ఎప్పుడైనా పిపెట్ పట్టుకున్నారా?" అని అడిగారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో ఆ రెండేళ్ళలో తెలిసింది. ఇంటర్‌డిసిప్లినరీ అని ప్రతి ప్రసంగంలో చెబుతారు. నోటిఫికేషన్‌లో మాత్రం "సంబంధిత సబ్జెక్టులో పీజీ" అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో పట్టనివాడు గెస్ట్ ఫ్యాకల్టీ. పీరియడ్‌కి ఇంత అని లెక్కగట్టి ఇచ్చే డబ్బుతో నాలుగేళ్ళు నెట్టుకొచ్చాను. చివరికి ఉద్యోగం దొరికింది. దొరకనివాళ్ళలో నాకన్నా తెలివైనవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు.

ఉద్యోగం వచ్చాక ఇంకో తమాషా. ప్రమోషన్‌కి మాకు ఏపీఐ అనే స్కోరు ఉండేది, అకడమిక్ పెర్ఫార్మెన్స్ ఇండికేటర్. పేపర్‌కి ఇన్ని పాయింట్లు, సెమినార్‌కి ఇన్ని, పుస్తకంలో ఒక అధ్యాయానికి ఇన్ని. మా మావయ్యకీ ఒక ఏపీఐ ఉండేది, యాన్యువల్ పారసైట్ ఇన్సిడెన్స్. వెయ్యిమంది జనాభాకి ఏడాదిలో ఎంతమందికి మలేరియా తేలిందో చెప్పే అంకె. (కంప్యూటర్ వాళ్ళకి మూడో ఏపీఐ ఉంది, దాన్ని వదిలేద్దాం.) ఆయనది తగ్గాలి, నాది పెరగాలి. ఒకసారి భోజనాల దగ్గర ఈ మాట అంటే ఆయన నవ్వి, "రెండూ పెన్నుతో తగ్గించొచ్చు, పెన్నుతో పెంచొచ్చు" అన్నాడు. అప్పుడు జోకనుకున్నాను.

కరోనా వచ్చింది. అంతవరకు నా పనేమిటో మా ఇంట్లోవాళ్ళకే సరిగ్గా తెలియదు. 2020 ఏప్రిల్‌కల్లా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరూ ఒకటే ప్రశ్న: "మేడమ్, పీక్ ఎప్పుడు?" ఆ మార్చిలో లండన్ ఇంపీరియల్ కాలేజీ నివేదిక ఒకటి వచ్చింది. ఏమీ చేయకుండా వదిలేస్తే బ్రిటన్‌లో 5 లక్షలకు పైగా, అమెరికాలో 22 లక్షల మంది పోతారని. 'ఏమీ చేయకుండా వదిలేస్తే' అన్న ముక్కని ప్రపంచమంతా మింగేసి అంకెని మాత్రం పట్టుకుంది. ఇక్కడా అదే. నేను ఏ అంచనా చెప్పినా అటూ ఇటూ ఉన్న హద్దులు రాలిపోయి మధ్యలో ఉన్న అంకె ఒక్కటే వాట్సాప్‌లో తిరిగేది. మొదట్లో చిరాకు పడ్డాను. తర్వాత, ఒప్పుకోవాలి, బాగానే అనిపించింది. పదిహేనేళ్ళు ఎవరూ పట్టించుకోని మనిషిని జనం జోస్యం అడుగుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

2020 అక్టోబరులో కేంద్రం వేసిన నిపుణుల కమిటీ, దేశంలో వ్యాధి సెప్టెంబరులోనే శిఖరం దాటిందనీ, జాగ్రత్తలు కొనసాగిస్తే ఫిబ్రవరి చివరికి దాదాపు సద్దుమణుగుతుందనీ చెప్పింది. నా లెక్కలూ అటూ ఇటుగా అదే చెబుతున్నాయి. జనవరిలో మా పెదనాన్న ఫోన్ చేశాడు. మా అక్క పెళ్ళి రెండుసార్లు వాయిదా పడింది. మూఢాలు వెళ్ళాక మే నెలలో ముహూర్తం పెట్టుకోవచ్చా అని. "పెట్టుకోండి పెదనాన్నా, అప్పటికి తగ్గిపోతుంది" అన్నాను. సిరిపురం దగ్గర ఫంక్షన్ హాలుకి అడ్వాన్సు ఇచ్చారు.

2021 మే మొదటి వారంలో దేశంలో రోజుకి 4 లక్షలు దాటి కేసులు. మన రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ. పెళ్ళి పదిమందితో ఇంట్లో హాల్లోనే అయింది. పెళ్ళికొడుకు వాళ్ళ తరఫున ఒకరికి వచ్చింది, తర్వాత పెదనాన్నకి వచ్చింది. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డాడు. ఇంటికొచ్చాక, చిక్కి సగమైన మనిషి, నన్ను చూసి కోపంగా కూడా అడగలేదు. "ఏమ్మా, లెక్క తప్పిందా?" అన్నాడు. గుణకారం ఎక్కడా తప్పలేదు. వైరస్ మారదని నేను అనుకున్నాను, అది మారింది. డెల్టా రకాన్ని మన దేశంలోనే 2020 అక్టోబరులో తీసిన నమూనాల్లో గుర్తించారు. జనవరిలో నేను ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు అది ఎక్కడో పాకుతూనే ఉంది. నమూనాలు తీసి జన్యుక్రమం చదివితే కదా తెలిసేది. చాలినన్ని చదవలేదు. నా గీతకి ఆ సంగతి తెలియదు, నేను దాన్ని అడగలేదు.

ఆ రోజుల్లోనే ఇంకోటి. 'ఏపీ స్ట్రెయిన్', 'విశాఖ వేరియంట్' అని టీవీలు హోరెత్తించాయి గుర్తుందా? ఎన్440కె అనే మార్పు ఉన్న వైరస్ పదిహేను రెట్లు ప్రమాదకరమట. ఆ ప్రచారానికి మూలం ఏమిటంటే, ప్రయోగశాలలో పెంచిన కణాల్లో ఆ రకం మిగతావాటికన్నా ఎక్కువగా పెరిగిందన్న పరిశోధన. గాజుపాత్రలో పెరగడం ఒకటి, మనుషుల్లో పాకడం ఇంకొకటి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు వెంటనే చెప్పారు, జన్యుక్రమాలు చూస్తే ఆ రకం అప్పటికే తగ్గిపోతోందని. వాళ్ళు చెప్పగలిగింది ఎందుకంటే వాళ్ళ దగ్గర ఫలానా తేదీన, ఫలానా జిల్లాలో తీసిన నమూనా అని రాసి పెట్టుకున్న వరస ఉంది. కానీ ఊరి పేరు మీద పడ్డ మచ్చ అంత తొందరగా పోదు. ఆ నెల బెంగళూరులో ఉన్న మా ఆడపడుచు, "మీ వైజాగ్ వైరస్సు" అంది.

పెదనాన్న కోలుకున్నాక నేను ఒక పని చేశాను, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే చేయాల్సింది. మావయ్యని తీసుకుని కాంప్లెక్స్‌లో పాడేరు బస్సెక్కాను. చోడవరం, మాడుగుల దాటి ఘాట్ ఎక్కుతుంటే ఆయన ప్రతి మలుపుకీ ఒక జ్వరం కథ చెప్పాడు. 1976లో మన దేశంలో మలేరియా కేసులు 64 లక్షలు దాటాయి. పదేళ్ళ ముందు లక్షకి దిగిపోయిన జబ్బు, ఇక పోయినట్టే అనుకున్న జబ్బు, అలా తిరగబెట్టింది. ఆ తర్వాత రెండేళ్ళకి ఆయన ఉద్యోగంలో చేరాడు. జేఎస్‌బీ అనే రంగు వేసిన రక్తపు స్లైడుని మైక్రోస్కోపు కింద వంద చోట్ల చూడటం, ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం పరాన్నజీవి నెలవంకల్లా కనిపిస్తే ఎర్ర సిరాతో రాయడం, ముప్ఫై ఏళ్ళకు పైగా అదే పని.

ఆరోగ్య కేంద్రంలో బీరువా మీద పాత రిజిస్టర్లు ఉన్నాయి. అట్టలు చెదలు తిన్నాయి. మావయ్య కళ్ళజోడు సవరించుకుని, నేను స్టాటిస్టిక్స్ పాఠంలో ఎప్పుడూ వినని పద్ధతిలో చదవడం మొదలుపెట్టాడు. "ఈ పేజీ చూడు. నెలంతా ఒకే సిరా, ఒకే వాలు. ఒక రాత్రి కూర్చుని రాసింది." ఇంకో చోట, "మార్చిలో స్లైడ్లు చూడు ఎన్నో, పాజిటివ్ ఒక్కటీ లేదు." జనాభాలో ఏడాదికి నూటికి పదిమందికైనా రక్తపరీక్ష చేయాలని టార్గెట్. మార్చి నెలాఖరుకి తక్కువ పడితే? ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నానూ సేసాను. ఒకే మనిసి రక్తంతో నాలుగు స్లైడ్లు" అన్నాడు. బస్సులో వచ్చేటప్పుడు ఆయన మాటలో లేని యాస ఒక్కసారిగా తిరిగొచ్చింది. నేను ఏమీ అనలేదు. సెమినార్ ప్రొసీడింగ్స్‌లో ఒకే పేపర్‌ని మూడు ముక్కలు చేసి వేయించినదాన్ని, నేనేమంటాను?

ఆ రిజిస్టర్లోనే ఒక సెప్టెంబరులో మూడు వారాలు కేసులు సున్నా. వానాకాలం నడిమధ్యన. మోడల్ అయితే దాన్ని వ్యాప్తి ఆగినట్టు తీసుకుంటుంది. అక్కడున్న ఏఎన్ఎం అమ్మాయి, "అప్పుడు కిట్లు అయిపోయాయండి" అంది, అదేదో అందరికీ తెలిసిన సంగతిలా. జ్వరం వచ్చినవాళ్ళకి మాత్రలు ఇచ్చి పంపేశారు, పరీక్ష లేదు కాబట్టి కేసు లేదు. ఇంకో ఊళ్ళో స్ప్రే చేసిన నెలకే కేసులు తగ్గకపోవడానికి కారణం కూడా ఆవిడే చెప్పింది. పండగకి గోడలు ఎర్రమట్టితో అలుకుతారు. మందు మట్టి కిందకి పోతుంది. పైగా పోడు కాపలాకి మగవాళ్ళు కొండ మీద పాకల్లో పడుకుంటారు, దోమతెర ఇంట్లో ఉంటుంది. మెక్‌డొనాల్డ్ లెక్కలో దోమ ఆయుష్షు ఉందే, దాని భవిష్యత్తు ఒక మట్టి పూత మీద ఆధారపడి ఉంది. నేను ఇరవై ఏళ్ళుగా ఆ విలువని ఏదో పేపర్ నుంచి ఎత్తి రాస్తున్నాను.

ఇంకొక్కటి చెప్పి ఈ చిట్టా ఆపుతాను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాడేరు, అరకు, చింతపల్లి అన్నీ విశాఖపట్నం జిల్లా నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాకి పోయాయి. జిల్లాలవారీ లెక్కలు తీసుకుంటే విశాఖలో మలేరియా ఆ ఏడాది ఢామ్మని పడిపోయినట్టు కనిపిస్తుంది. మా కుర్రవాడు దాని మీద సగం పేపర్ రాసేశాడు. ఈ ఊరివాడే, పైగా సివిల్స్ ప్రిపేరైనవాడు. స్క్రీన్ మీద అంకెల్ని చూసేటప్పుడు మనం ఏ ఊరివాళ్ళమో కూడా మర్చిపోతాం.

ఇప్పుడు ఏఐ వచ్చింది కదా, ఇవన్నీ అదే సర్దుకుంటుంది అని నాతో వాదించేవాళ్ళున్నారు. వాళ్ళకి నేను ఆల్ఫాఫోల్డ్ సంగతే చెబుతాను. ప్రొటీన్ల ఆకారాన్ని ఊహించే ఆ ప్రోగ్రామ్ 2020లో అందర్నీ నివ్వెరపరిచింది, 2024లో నోబెల్ కూడా తెచ్చింది. మా రంగానికి దక్కిన గొప్ప గౌరవం. కానీ అది దేని మీద నేర్చుకుంది? ప్రొటీన్ డేటా బ్యాంక్ మీద. 1971లో ఏడు ఆకారాలతో మొదలై, యాభై ఏళ్ళపాటు ఒక్కో ఆకారాన్ని ప్రయోగశాలల్లో కనుక్కుని, ఒకే పద్ధతిలో రాసి, తప్పులు దిద్ది, అందరికీ తెరిచి ఉంచిన ఖజానా అది. ఆల్ఫాఫోల్డ్ చేతికి వచ్చేసరికి అందులో లక్షా డెబ్భై వేల దాకా ఉన్నాయి. అణువుల బయాలజీ ఇంత దూరం పోవడానికి సగం కారణం ఆ గుమాస్తా పని. రోగాల దగ్గర ఆ గుమాస్తా పని చేస్తున్నది నెలకి 10 వేల గౌరవ వేతనం మీద ఆశా కార్యకర్త, కిట్లు లేని ల్యాబ్. అక్కడ పుట్టిన అంకె మా దాకా వచ్చేసరికి ఎక్సెల్ షీట్ అవుతుంది. దానికి వెనకా ముందూ ఉండవు.

"అయితే మేం పీహెచ్‌డీ చేసి డేటా ఎంట్రీ ఆపరేటర్లం అవ్వాలా మేడమ్?" అని ఒక విద్యార్థిని ముంత మసాలా తింటూ సూటిగా అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఆమె ఫెలోషిప్ మొదటి రెండేళ్ళు నెలకి 37 వేలు, తర్వాత 42 వేలు, మొత్తం అయిదేళ్ళు. ఆ అయిదేళ్ళలో రెండు పేపర్లు రావాలి. ఎవరైనా ఉచితంగా చదవగలిగే మంచి ఓపెన్ యాక్సెస్ జర్నల్లో వేయాలంటే రెండు లక్షల రూపాయలకు పైనే అడుగుతారు. ఆమెని ఆరు నెలలు ఏజెన్సీలో కూర్చోబెడితే ఒక పేపర్ తగ్గుతుంది. ఆ తగ్గిన పేపర్‌కి బదులు రేపు ఇంటర్వ్యూ కమిటీకి ఏం చూపించాలి? "సంత వారాలు తెలుసు" అని చెప్పాలా? నా దగ్గర జవాబు లేదు. సంత రహస్యం తేలాక మా కుర్రవాడు థీసిస్‌ని మళ్ళీ రాయాల్సి వచ్చింది, ఏడాది వెనకబడ్డాడు, విసుగొచ్చి బెంగళూరులో ఒక కంపెనీలో చేరిపోయాడు. తప్పంతా వాడిదని నేననను.

కానీ మా వ్యవస్థ అనుకుంటే చేయగలిగింది ఉంది. డేటాకి పేపర్‌తో సమానంగా మార్కులివ్వొచ్చు. ఒక ఆరోగ్య కేంద్రం పదేళ్ళ రిజిస్టర్లని, పేర్లు తీసేసి, కిట్ల స్టాకు, సంత రోజు, స్ప్రే తేదీ పక్కన రాసి శుభ్రంగా అందించినవాడికి థీసిస్‌లో ఒక అధ్యాయం చేసినంత విలువ ఇవ్వొచ్చు. పేపర్ల రచయితల వరసలో ల్యాబ్ టెక్నీషియన్ పేరు పెట్టొచ్చు. ఇవి డబ్బు ఖర్చయ్యే పనులు కావు. సిలబస్ తేల్చే మా బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఫీల్డ్ పని అయిదు క్రెడిట్లు చేయమని రెండుసార్లు అడిగాను. రెండోసారి ఒక క్రెడిట్ ఇచ్చారు. దానికే ఒక పెద్దమనిషి, "గణితం వాళ్ళకి కొండల్లో ఏం పని?" అన్నారు. రాస్, మెకెండ్రిక్ ఇద్దరూ ఈ దేశంలో రోగుల్ని చూసి లెక్కల్లోకి వెళ్ళినవాళ్ళని చెప్పాను. ఆయన టీ తాగుతున్నారు, విన్నారో లేదో తెలియదు.

ఈ ఊళ్ళో ఉండిపోయినందుకు జాలిపడేవాళ్ళున్నారు. పెద్ద సంస్థల్లో కంప్యూటింగ్ క్లస్టర్లు ఉంటాయి, మాకు వేసవిలో కరెంటు పోతే సర్వర్ రూమ్‌లో టేబుల్ ఫ్యాను పెట్టుకుంటాం. అది నిజమే. అయితే మూడు నాలుగు గంటల బస్సు ప్రయాణంలో నా మోడల్ పుట్టిన చోటుకి వెళ్ళగలిగే సౌకర్యం నాకు పోస్ట్‌డాక్ చేసినచోట లేదు. ఆ సౌకర్యాన్ని ఇన్నేళ్ళు వాడుకోకపోవడం నా బుద్ధి తక్కువ.

ముంత మసాలా అమ్మాయి వచ్చే వారం నాతో పాడేరు వస్తానంది. రెండు వారాలకి ఒప్పుకుంది, ఆరు నెలలకి కాదు. నిన్న ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేస్తే మావయ్య స్వెటరు పట్టుకెళ్ళమన్నాడు. తర్వాత, "మలేరియా రిజిస్టరు అడక్కుండానే ఇస్తారు, అమ్మలూ. నువ్వు ఫార్మసిస్టు దగ్గర స్టాకు పుస్తకం అడుగు. కిట్లు ఏ రోజు వచ్చాయో, ఏ రోజు అయిపోయాయో అందులో ఉంటాది" అన్నాడు. సరే అన్నాను. పెట్టేయబోతుంటే, "గురువారం మాత్రం అడక్కు. సంత రోజు అతగాడికి ఊపిరి సలపదు, కసురుతాడు" అన్నాడు.